నెట్ గురించి మా మరిదికి అన్నీ తెలుసట, మరి పైసలెట్ల పోయినయ్?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది పరకాల, బ్లౌజులు కుట్టే షాపు నాది, లేసులు, ఫాల్స్ కూడ అమ్ముత. పోయిన బుధవారం ఒకాయన ఫోన్ చేసి ఆర్మీల పని చేస్తా, వరంగల్‌కు ట్రాన్స్‌ఫర్ మీద వస్తున్న, మా ఇంట్ల ఫంక్షన్ ఉంది 30 బ్లౌజులు కుట్టాలె, అడ్వాన్స్ ఇప్పుడే పంపుత అన్నడు, అంత హిందీలనే. వాట్సాప్‌ల క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టుండ్రి మీ ఖాతాల పడ్తయ్ అన్నడు. నాకు అనుమానమొచ్చి మా మరిదిని పిలిచిన, మా ఇంట్ల ఫోన్ల సంగతులన్నీ ఆయనకే తెలుసు. ముందుగాల 5 రూపాయలకు చూద్దాం అన్నడు, 5 పోయినయ్ గాని ఎంబడే 10 వచ్చినయ్. ఇగ నిజమే అనుకొని రెండో కోడ్‌కు పిన్ కొడితే 8,500 పోయినయ్. ఆ నంబర్ ఇప్పుడు కలుస్తలేదు. మా మరిది ఏమో ఫోన్ హ్యాక్ అయింది, నువ్వు యూపీఐ తీసెయ్, నెట్ కూడ బంద్ చెయ్ అంటుండు. నెట్ అంత శాటిలైట్‌ల నుంచి వస్తదట ఎవరైన పట్టుకోవచ్చట, తాళం బొమ్మ ఉన్న సైట్ ఒక్కటే నమ్మాలట, వాట్సాప్‌ల మూడు టిక్కులు పడ్తే గవర్నమెంట్ చూసినట్టట, బ్రౌజర్‌ల ఇన్‌కాగ్నిటో పెట్టుకుంటే ఎవ్వరికి దొరకమట, ఫోన్ మన మాటలు వింటదట. ఇండ్ల ఏది నిజమో జర చెప్పు అన్నా, యూపీఐ తీసేస్తే గిరాకీ పోతది, ఉంచుదామంటే ఇంట్ల లొల్లి అయితుంది.

సమాధానం: చెల్లె, ముందుగాల ఇది చదువుడు ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్, చేసినంక వచ్చి మిగతాది చదువు. బుధవారం పోయినయ్ అంటున్నవ్, ఇంత లేటయినంక ఏం చేస్తరు అనుకోకు. ఆ నంబర్‌కు మన కంప్లైంట్ పోంగనే నీ పైసలు ఏ ఖాతాకు పోయినయ్, ఆడికెళ్ళి ఏ ఖాతాకు మారినయ్ అని బ్యాంకుల ఎంబడి పడి, ఎక్కడ మిగిలి ఉంటే ఆడ హోల్డ్ పెడ్తరు, దొంగ ఏటీఎంల తీసుకుంటే ఇగ హోల్డ్ పెట్టనీకి ఏం ఉండదు గాబట్టే మొదటి గంట రెండు గంటలు అంత ముఖ్యం అంటరు, అయినా ఆలస్యంగ చేసినోళ్ళకు కూడ అంతో ఇంతో దొరికిన కేసులున్నయ్. ఫోన్ చేసే ముందు యూపీఐ హిస్టరీల ఆ 8,500 మీద నొక్కు, 12 అంకెల యూటీఆర్ నంబర్ (ఆ పేమెంట్‌కు గుర్తు నంబర్) కనపడ్తది, దాన్ని కాయితం మీద రాసుకో, టైము, తారీఖు, వాడి ఫోన్ నంబర్ కూడ రాసుకో. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌ల కూడ ఫిర్యాదు పెట్టు, నీ బ్యాంకుకు పోయి ఒక దరఖాస్తు ఇచ్చి దాని మీద స్టాంపు ఏపించుకో. బ్యాంకోళ్ళు పిన్ మీరే కొట్టిన్రు కద అంటరు, అది నిజమే, 2017ల రిజర్వ్ బ్యాంక్ పెట్టిన రూలు ప్రకారం మన తప్పుతోని పోయిన పైసలకు బ్యాంకు పూచీ లేదు, గాని మనం చెప్పినంక కూడ ఇంకేమన్న పోతే అది బ్యాంకు మీదనే పడ్తది, అందుకే చెప్పినట్టు రుజువు మన చేతుల ఉండాలె.

ఇంకోటి, ఇది మర్చిపోవద్దు. కొన్ని రోజులకు నీకు ఒక ఫోన్ వస్తది. సైబర్ డిపార్ట్‌మెంట్ నుంచి మాట్లాడుతున్నం, మీ 8,500 రికవరీ అయినయ్, ఫైల్ చార్జి 999 కట్టుండ్రి అంటరు. ఒకసారి మోసపోయినోళ్ళ నంబర్లు దొంగల మధ్య చేతులు మారుతయ్ చెల్లె, మన దగ్గర పాత గిరాకీల కొలతల బుక్కు ఉన్నట్టు వాళ్ళ దగ్గర కూడ ఒక బుక్కు ఉంటది. పైసలు వాపస్ ఇచ్చేటోడు పైసలు అడగడు.

ఇగ మీ మరిది మాటలు. నేను హన్మకొండ చౌరస్తా దగ్గర 2003ల నెట్ సెంటర్ పెట్టిన, నాలుగు కంప్యూటర్లు, ఫోన్ లైన్ మీద నడిచే డయల్ అప్, కనెక్ట్ అయ్యేటప్పుడు కీచుమని ఒక మోత వస్తుండె. ఎంసెట్ రిజల్ట్ రోజు బయట మెట్ల దాక లైను. అప్పుడు వచ్చే పోరలు అన్నా ఇంటర్నెట్ తెరువు అంటే వాళ్ళ ఉద్దేశం డెస్క్‌టాప్ మీద ఉన్న నీలం రంగు e అక్షరం బొమ్మ, అదే ఇంటర్నెట్ అనుకునేటోళ్ళు. ఒకసారి ఆ బొమ్మ ఎవరో డిలీట్ చేస్తే ఒక పిలగాడు అన్నా మీ ఇంటర్నెట్ ఎవడో తీసేసిండు అని పరేషాన్ అయ్యిండు. ఇప్పుడు ఆ బొమ్మ జాగల గూగుల్ వచ్చింది అంతే, గూగులే ఇంటర్నెట్ అనుకుంటున్రు. ఇవన్ని చూసి చూసి నాకు ఒకటి అర్థమైంది, నెట్ మీద తప్పుడు నమ్మకాలు అన్నీ ఒక్క రకం కావు. కొన్ని తప్పులకు రూపాయి ఖర్చు కాదు, కొన్ని తప్పులకు నీ లెక్క 8,500 పోతయ్. మీ మరిదితోని ఖర్చులేని వాటి మీద కొట్లాడకు, టైం వేస్ట్.

శాటిలైట్ ముచ్చట గసొంటిదే. మీ మరిది తప్పే గాని దానివల్ల ఎవ్వని కొంప మునగదు. నీ ఫోన్ నుంచి టవర్ దాకనే గాలిల పోతది, ఆడికెళ్ళి చాలావరకు భూమిల ఉన్న ఫైబర్ల (కొన్ని టవర్లకు పక్క టవర్‌తోటి గాలి లింకే ఉంటది, ఉండనీ). పరకాల నుంచి వరంగల్, వరంగల్ నుంచి హైదరాబాద్, ఆడికెళ్ళి దేశం దాటాలంటే ముంబైలనో చెన్నైలనో కొచ్చిలనో సముద్రంల దిగిన కేబుళ్ళు, వెంట్రుక మందం గాజు పోగులల్ల వెలుగు పోతది, సెకనుకు దగ్గర దగ్గర 2 లక్షల కిలోమీటర్లు. ఖండాల మధ్య పోయే డాటాల మస్తు ఎక్కువ భాగం ఈ సముద్రం కింది తీగలల్లనే. పాత టీవీ డిష్షుల శాటిలైట్లు 36,000 కిలోమీటర్ల పైన ఉంటయ్, నువ్వు ఒక్క మాట అడిగి జవాబు రావాలంటే పైకి కిందికి రెండు సార్లు తిరగాలె, వెలుగు వేగంతోని పోయినా అర సెకను దాక ఆ తిరుగుడుకే పోతది, గట్ల వీడియో కాల్ మాట్లాడితే ఒకరి మాట మీద ఒకరి మాట పడ్తది. ఇప్పుడు 550 కిలోమీటర్ల ఎత్తుల తిరిగే కొత్త రకం వచ్చినయ్, వాటి సంగతి వేరే.

నాకు ఈ సముద్రం తీగల సంగతి ఎట్ల తెలిసిందంటే తిట్లు తిని. 2008 జనవరి ఆఖరుకు ఈజిప్టుల అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంల రెండు కేబుళ్ళు తెగినయ్, మన దేశంల సగానికి సగం నెట్ మందగించింది, నా సెంటర్ల కూసున్న పిలగాండ్లు ఫారిన్ యూనివర్సిటీ అప్లికేషన్లు పెట్టేటోళ్ళు, పేజీ తెరుచుకోదు, గంటకు పైసలు నేను తీసుకుంటున్న, వాళ్ళు నన్ను తిడ్తున్రు, నేను టెలిఫోన్ లైన్‌మన్‌ను తిడుతున్న, ఆయన నాకేం తెలుసు సార్ అంటుండు. ఎక్కడి ఈజిప్టు ఎక్కడి హన్మకొండ! 2011ల అయితే జార్జియా దేశంల ఒక 75 ఏండ్ల ముసలామె పాత రాగి తీగల కోసం పారతోని తవ్వుతుంటే పక్క దేశం ఆర్మేనియాకు పోయే కేబుల్ తెగి దేశం దేశమే దాదాపు కొన్ని గంటలు నెట్ లేక కూసుంది. మన దగ్గర నీళ్ళ పైపుల కోసం జేసీబీ ఒక బకెట్ ఏస్తే గల్లీ గల్లీ నెట్ పోతది, గంతే తేడా.

మీ మరిది ఇంకో మాట అని ఉంటడు, ఫోన్ల సిగ్నల్ పాయింట్లు ఫుల్ ఉన్నయ్ గాని నెట్ వస్తలేదు అంటే కంపెనీ కావాలని చేస్తుంది అని. నువ్వు మేడారం పోయే ఉంటవ్ కదా. జాతరల గద్దెల కాడ ఫోన్ తీస్తే పాయింట్లు నిండుగ కనపడ్తయ్, ఫొటో మాత్రం పోదు, గుండ్రంగ తిరుగుతనే ఉంటది. ఆ పాయింట్లు చెప్పేది నీ ఫోనుకు టవర్ ఎంత మంచిగ వినపడుతుంది అన్నదొక్కటే, ఆ టవర్ మీద ఎంతమంది ఎక్కి కూసున్నరు అన్నది కాదు. బస్సు వచ్చి బస్టాండ్ల ఆగిందంటే సీటు దొరికినట్టు కాదు గద. అందుకే జాతరప్పుడు తాత్కాలిక టవర్లు తెచ్చి పెడతరు, అయినా సాలవు.

మూడు టిక్కులు అబద్ధం, అంతకుమించి దాని మీద నేను ఇంకు ఖర్చు పెట్టను. నీలం టిక్కులు 2014 నుంచి ఉన్నయ్, మూడోది ఎన్నడూ లేదు, వాట్సాప్ మాటలు 2016 నుంచి పంపినోనికి అందుకున్నోనికి మాత్రమే కనపడేటట్టు తాళం ఏసి పోతయ్. అయితే దానర్థం నువ్వు పంపింది బయటికి పోదు అని కాదు, అవతలోళ్ళు స్క్రీన్‌షాట్ తీస్తే వాట్సాప్ ఏం చేస్తది? డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కూడ గంతే, రెండున్నర రోజుల లోపల తీసేయొచ్చు గాని ఆ లోపల చూసినోని కండ్ల నుంచి తీసెయ్యలేం.

ఫోన్ మాటలు వింటది అన్నది మాత్రం మీ మరిది ఒక్కడే అనేది కాదు, చదువుకున్నోళ్ళు కూడ నాతోని పందెం కాస్తరు. 2018ల అమెరికాల నార్త్ ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళు 17 వేలకు పైన ఆండ్రాయిడ్ యాప్‌లు పట్టుకొని చూసిన్రు, చెప్పకుండ మైకు తెరిచి మాటలు పంపే యాప్ వాళ్ళకు దొరకలే, గాని కొన్ని యాప్‌లు మన స్క్రీన్ మీద ఏం జరుగుతుందో వీడియో లెక్క తీసి పంపుతున్నట్టు దొరికింది, అది ఎవ్వరు అనుకోలే. మరి నువ్వు మగ్గం వర్క్ గురించి గిరాకీతోని మాట్లాడంగనే మగ్గం వర్క్ యాడ్ ఎట్ల వచ్చింది అంటవా? నీ షాపుల వైఫై ఉందనుకో, ఆ గిరాకీ నీ వైఫై మీదనే డిజైన్ వెతికి నీకు చూపించింది, బయటోళ్ళకు ఆమె నువ్వు ఒక్క కనెక్షనే. నువ్వు రాత్రి అదే డిజైన్ వీడియో మీద ఆగి రెండు సార్లు చూసినవ్. లొకేషన్ ఆన్ ఉంది, ఏ షాపుల ఎంతసేపు ఉన్నవో తెలుసు. వినాల్సిన పనే లేదు వాళ్ళకు. దర్జీకి కొలతలు ఉంటే మనిషిని చూడకుండనే జాకెట్ కుడ్తడు, నీకు తెల్వందా. సెట్టింగులల్ల ఏ యాప్‌కు మైకు, లొకేషన్, కాంటాక్టులు ఇచ్చినవో చూసుకో, టార్చిలైట్ యాప్‌కు కాంటాక్టులు ఎందుకు?

ఇన్‌కాగ్నిటో గురించి నిజం చెప్పాలంటే నా సెంటర్ల నేనే ఇది తప్పు చెప్పిన శానా మందికి, ఇప్పుడు సిగ్గయితుంది. అది నీ ఫోన్ల చూసినవాటి జాబితా మిగలకుండ చేస్తది, అంటే నీ తర్వాత ఫోన్ పట్టుకున్నోళ్ళకు కనపడదు. నెట్ ఇచ్చే కంపెనీకి కనపడ్తది, నువ్వు పోయిన సైటుకు కనపడ్తది. వెనుక గది తలుపు పెట్టుకున్నట్టు, ఇంట్లోళ్ళకు కనపడవ్ గాని వీధి అంత చూస్తనే ఉంది. ఇంట్లోళ్ళ నుంచి పుట్టినరోజు గిఫ్ట్ దాచనీకి బాగుంటది.

ఇప్పుడు పైసలు పోయే నమ్మకాల కాడికొద్దాం, ఈడ మాత్రం మీ మరిదితోని గట్టిగ మాట్లాడాలె.

తాళం బొమ్మ. ఆ తాళం చెప్పేది ఒక్కటే, నీకు ఆ సైటుకు మధ్యల పోయే మాటలు దారిల ఎవడు చదవలేడు అని. అవతల కూసున్నోడు మంచోడా దొంగనా అని తాళం చెప్పదు. దొంగ ఇంటికి కూడ తలుపుంటది, తలుపుకు తాళముంటది. ఆ తాళం రానీకి కావాల్సిన సర్టిఫికెట్ పదేండ్ల సంది ఉచితంగనే దొరుకుతుంది, దొంగ సైటోడు పది నిమిషాలల్ల పెట్టుకుంటడు. జనం గీ తాళం చూసి మోసపోతున్రనే 2023 సెప్టెంబర్‌ల గూగుల్ వాళ్ళు క్రోమ్ నుంచి ఆ బొమ్మనే తీసేసి ఇంకో గుర్తు పెట్టిన్రు. తాళం కాదు చూడాల్సింది, పేరు చూడాలె, అది కూడ ఆఖరు ముక్క చూడాలె. గవర్నమెంట్‌ది అయితే డాట్ గవ్ డాట్ ఇన్ అని ముగుస్తది, అది ప్రైవేటోనికి ఇయ్యరు. మధ్యల గవ్ అని ఉండి ఆఖరుకు ఇంకేదో ఉంటే దండం పెట్టి బయటికి రా.

గూగుల్‌ల పైన వచ్చింది అంటే గూగుల్ చూసి పెట్టింది అనుకునుడు ఇంకో ఖరీదైన తప్పు. బ్యాంకు కస్టమర్ కేర్ నంబర్ అని వెతికితే మీద కనపడేది పైసలు కట్టి పెట్టిన యాడ్ అయి ఉండొచ్చు, చిన్న అక్షరాలల్ల స్పాన్సర్డ్ అని ఉంటది, లేకుంటే మ్యాప్‌ల ఎవడో మార్చిన నంబర్ అయి ఉండొచ్చు. నీ ఏటీఎం కార్డు వెనకాల నంబర్ ఉంటది, దానికే చెయ్. ఇప్పుడు 8,500 కోసం కూడ బ్యాంకు నంబర్ గూగుల్‌ల వెతకకు సుమా, ఆడనే రెండో దెబ్బ తాకుతది.

ఇగ హ్యాక్. చెల్లె, నీ ఫోన్ ఎవ్వడు హ్యాక్ చెయ్యలే. యూపీఐల పిన్ అంటే గల్లా పెట్టె తాళంచెవి, పైసలు బయటికి పోయేటప్పుడు కొట్టాలె, లేకుంటే బ్యాలెన్స్ చూసుకునేటప్పుడు. ఖాతాల పైసలు పడనీకి పిన్ ఎప్పుడూ అక్కర లేదు, 2016ల యూపీఐ వచ్చిన కాడినుంచి ఇదే పద్ధతి. నువ్వు రెండో కోడ్ స్కాన్ చేసినప్పుడు స్క్రీన్ మీద పే అని, 8,500 అని, ఎవరి పేరుకు పోతున్నయో ఆ పేరు కూడ వచ్చే ఉంటది, హిస్టరీల తీసి చూడు. వాడు లైన్ల ఉండి జల్దీ చెయ్యుండ్రి మేడం సర్వర్ పోతది అని ఊపిరి తీసుకోనియ్యకుండ మాట్లాడుతుంటే ఎవరు చదువుతరు. ఆ 5కి 10 ఇచ్చిండు చూడు, అది వాని పెట్టుబడి, చేపకు ఎర లెక్క, మీ మరిది జాగర్త పడుదాం అని చేసిన పరీక్షనే వాడు ముందుగాల రాసి పెట్టుకున్నడు.

మీ మరిది హ్యాక్ అంటున్నడంటే ఎందుకో నాకు సమజైతుంది. హ్యాక్ అయితే ఎవ్వరి తప్పు కాదు. పిన్ కొట్టమన్నది నేనే అనుడు కష్టం, అది కూడ వదినె ముంగట. ఆయనను నిలదీసి ఒప్పించాలని చూడకు, ఒప్పుకోడు, ఇంకో నాలుగు శాటిలైట్లు చెప్తడు. దానికి బదులు 1930కి ఆయనతోనే ఫోన్ చేయించు, హిస్టరీల యూటీఆర్ ఆయననే తీయమను. తీసేటప్పుడు పే అన్న అక్షరం ఆయన కండ్లతోని ఆయనే చూస్తడు, నువ్వేం అనకు.

యూపీఐ తీసెయ్యాల్నా అంటే వద్దు. షాపుల గోడకు అంటించిన క్యూఆర్ మీద గిరాకీలు స్కాన్ చేస్తే నీకు వచ్చుడే గాని పోవుడు ఉండదు, అది అట్లనే ఉండనీ. భయం ఉన్నది నీ ఫోన్‌కు కట్టిన ఖాతా గురించి కదా, ఇంకో చిన్న ఖాతా తీసి షాపుది దానికి పెట్టు, సాయంత్రం సాయంత్రం అండ్ల ఉన్నది అసలు ఖాతాకు మార్చు, అసలు ఖాతాకు యూపీఐ పెట్టకు. రోజుకు ఎంత పోవచ్చో లిమిట్ కూడ తగ్గించుకోవచ్చు. పైసలు పడ్డయని మాట్లాడే ఆ డబ్బా కొనుక్కో, ఎందుకంటే గిరాకీ ఫోన్ల పచ్చ టిక్కు చూపిస్తే పైసలు వచ్చినట్టు కాదు, ఉత్త బొమ్మ చూపించే దొంగ యాప్‌లు ఉన్నయ్, పెండ్లిళ్ళ సీజన్ల షాపు నిండ జనం ఉన్నప్పుడే వస్తరు అసొంటోళ్ళు.

పోలీసు డ్రెస్సుల వీడియో కాల్ వచ్చి మీ మీద కేసుంది, డిజిటల్ అరెస్ట్ చేసినం, కెమెరా ముంగట నుంచి కదలొద్దు అంటే ఫోన్ పెట్టెయ్, అసొంటి అరెస్టు ఏ చట్టంల లేదు, 2024 అక్టోబర్‌ల ప్రధానమంత్రే రేడియోల చెప్పిండు. నీ పేరు మీద ఎన్ని సిమ్ములు ఉన్నయో సంచార్ సాథీ అనే గవర్నమెంట్ సైటుల చూసుకో, నీవి కానివి కనపడితే అక్కడనే రిపోర్ట్ కొట్టు.

ఆఖరుకు ఒకటి, నువ్వు నాకు పంపిన స్క్రీన్‌షాట్‌ల నీ పేరు, ఖాతా నంబర్ ఆఖరు అంకెలు, బ్యాలెన్స్ ఎంత మిగిలిందో సుద్ద కనపడుతున్నయ్. నేనైతే తీసేసిన. గాని వాట్సాప్ గ్రూపులల్ల ఎవరన్న సాయం చేస్తరేమో అని ఇంకో నలుగురికి పెట్టినవా ఏంది? పెడితే ఇప్పుడే తీసెయ్, టైం ఉంది. 1930ల కంప్లైంట్ నంబర్ ఇచ్చినంక నాకు ఒక ముక్క రాయి.